కెమెరా కదిలితే కొండ కదులుతుందా?

సినిమాలో ఒక వింత దృశ్యం వస్తుంది. హాలులో ఎవరో ఒకరు "అదంతా గ్రాఫిక్స్‌లే!" అంటారు. ఫోనులో ఒక వీడియో వస్తుంది. కొందరు నిజమేనని నమ్మి మరో పదిమందికి పంపిస్తారు. మరికొందరు "గ్రాఫిక్స్" అని ఒక్క మాటలో కొట్టిపారేస్తారు. నమ్మినవారిని ఎందుకు నమ్మారని అడగండి, చెప్పలేరు. కొట్టిపారేసినవారిని ఎందుకు కొట్టిపారేశారని అడగండి, వారూ చెప్పలేరు. సైన్సు చదువుకునే విద్యార్థికి ఈ రెండు పద్ధతులూ తగవని నా అభిప్రాయం.

"గ్రాఫిక్స్" అన్న మాటతో చర్చ ముగిసిపోకూడదు. అసలు చర్చ అక్కడే మొదలు కావాలి. ఆ దృశ్యం ఎలా చేశారు? అతికించినట్లు ఎక్కడ తెలుస్తున్నది? ఎక్కడ తెలియడం లేదు? ఎందువల్ల? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పడానికి ఖరీదైన కంప్యూటరు అక్కరలేదు. మీరు బస్సు కిటికీలో నుంచి రోజూ చూసే ఒక సంగతిని జాగ్రత్తగా గమనించి ఉంటే చాలు. అదెలాగో చూద్దాం.

పచ్చగుడ్డ ఎందుకు?

నటుడిని ఆకుపచ్చని గుడ్డ ముందు నిలబెట్టి చిత్రం తీస్తారు. తరువాత ఆ బొమ్మలో ఆకుపచ్చ రంగు ఉన్న చోటునల్లా కంప్యూటరు ఖాళీ చేస్తుంది. ఆ ఖాళీలో మనం కోరిన కొండనో, కోటనో, సముద్రాన్నో ఉంచుతారు. నటుడు ఆ కొండ ముందే నిలబడ్డట్టు కనిపిస్తాడు.

ఆకుపచ్చే ఎందుకు? మనిషి చర్మం ఏ ఛాయలో ఉన్నా దాని నుంచి వచ్చే కాంతిలో ఎరుపు పాలు ఎక్కువగా ఉంటుంది. కనుక ముఖాన్నీ గుడ్డనూ వేరు చేయడం సులువు. రెండో కారణం కెమెరాలోనే ఉంది. 1976లో కోడాక్ సంస్థ శాస్త్రజ్ఞుడు బ్రైస్ బేయర్ ఒక అమరికకు పేటెంటు పొందాడు. అందులో ప్రతి నాలుగు కాంతి గ్రాహకాలలో రెండు ఆకుపచ్చకు, ఒకటి ఎరుపుకు, ఒకటి నీలానికి ఉంటాయి. ఇప్పటి ఫోను కెమెరాలు చాలావరకు ఈ అమరిక మీదనే పనిచేస్తున్నాయి. ఆకుపచ్చ సమాచారం రెట్టింపు దొరుకుతుంది కాబట్టి అంచులు నున్నగా తెగుతాయి. నటుడు ఆకుపచ్చ చొక్కా వేసుకుని వస్తే మాత్రం చొక్కా ఉన్న చోట కొండ కనిపిస్తుంది! అలాంటప్పుడు నీలం గుడ్డ వాడుతారు.

నిజానికి మొదట పేరు తెచ్చుకున్నది నీలం తెరే. 1940లో వచ్చిన 'ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్' చిత్రానికి లారీ బట్లర్ ఈ పద్ధతి వాడాడు. మైసూరు ప్రాంతంలో పుట్టిన సాబు అందులో నటించాడు. స్పెషల్ ఎఫెక్ట్స్‌కు ఆ చిత్రం ఆస్కార్ బహుమతి పొందింది.

ఇంతవరకు చిక్కేమీ లేదు. కెమెరా స్టాండు మీద కదలకుండా ఉన్నంతకాలం పని తేలిక. నటుడి బొమ్మ వెనక కొండ బొమ్మను పెడితే సరిపోతుంది. 1957 నాటి మన 'మాయాబజార్' చిత్రంలో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే పనితనాన్ని ఈనాటికీ మెచ్చుకుంటున్నాము. ఆ కాలంలో ఒకే ఫిల్మును రెండుసార్లు కెమెరాలో తిప్పి రెండు దృశ్యాలను కలిపే పద్ధతి ఒకటి ఉండేది. అలా కలిపేటప్పుడు కెమెరా వెంట్రుకవాసి కదిలినా రెండు బొమ్మలూ ఒకదానితో ఒకటి పొసిగేవి కావు. అందుకని కెమెరాను బిగించి ఉంచేవారు.

ఇప్పుడు కాలం మారింది. కెమెరాను చేత్తో పట్టుకుని నటుడి వెంట నడుస్తూ తీసే దృశ్యాలు ఎక్కువయ్యాయి. చెయ్యి వణుకుతుంది. ఊపిరి తీస్తే భుజం లేస్తుంది. అడుగు వేస్తే కెమెరా ఊగుతుంది. మరి వెనక పెట్టబోయే కొండ ఎలా ఊగాలి? ఇదీ అసలు ప్రశ్న.

బస్సు కిటికీ చెప్పే పాఠం

బస్సు వేగంగా పోతున్నప్పుడు కిటికీలో నుంచి చూడండి. రోడ్డు పక్క కరెంటు స్తంభాలు సర్రున వెనక్కి పోతాయి. పొలం మధ్యలోని తాటిచెట్లు నింపాదిగా వెనక్కి జరుగుతాయి. దూరాన ఉన్న కొండ కదిలీ కదలనట్టు ఉంటుంది. చందమామ అయితే మనతోపాటే వస్తున్నట్టు ఉంటాడు. కదిలింది మనం. కాని దగ్గరి వస్తువు ఎక్కువ జరిగినట్టు, దూరపు వస్తువు తక్కువ జరిగినట్టు కనిపించింది. దీనినే పారలాక్స్ అంటారు.

ఇప్పుడు ఇంకొక పని చేయండి. బస్సు ఆగి ఉన్నప్పుడు తలను మాత్రం కుడికీ ఎడమకూ తిప్పండి. ఈసారి స్తంభమూ, తాటిచెట్టూ, కొండా, చందమామా అన్నీ కలిసి ఒకేలా జరుగుతాయి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అనే తేడా లేదు.

చేతిలోని కెమెరా కదలికలో ఈ రెండూ కలిసి ఉంటాయి. ఒకటి, ఉన్నచోటనే తిరగడం. రెండు, ఒక చోటు నుంచి మరొక చోటుకు జరగడం. వీటిని వేరు వేరుగా చూడడం నేర్చుకుంటే సగం రహస్యం తెలిసినట్టే.

లెక్క వేద్దాం. మీ వీడియో అడ్డంగా 1920 చుక్కలు, అంటే పిక్సెళ్ళు, ఉన్నదనుకోండి. కెమెరాకు అడ్డంగా 60 డిగ్రీల మేర దృశ్యం కనిపిస్తుందనుకోండి. కెమెరా ఉన్నచోటనే ఒక్క డిగ్రీ తిరిగితే తెర నడుమ ఉన్న ప్రతి వస్తువూ దాదాపు 29 చుక్కలు జరుగుతుంది. నటుడైనా అంతే, కొండైనా అంతే.

ఇప్పుడు కెమెరాను తిప్పకుండా పక్కకు 10 సెంటీమీటర్లు జరపండి. 2 మీటర్ల దూరంలో నిలబడ్డ నటుడు తెర మీద 83 చుక్కలు జరుగుతాడు. 4 మీటర్ల దూరంలోని గోడ 42 చుక్కలు జరుగుతుంది. 50 మీటర్ల దూరంలోని చెట్టు 3 చుక్కల కంటే కాస్త ఎక్కువ జరుగుతుంది. 5 కిలోమీటర్ల దూరంలోని కొండ జరిగేది ఒక చుక్కలో ముప్పయ్యో వంతు! కంటికి అది జరగనట్టే లెక్క. దూరాన్ని మీటర్లలో తీసుకుని జరిగిన చుక్కలతో గుణించి చూడండి. ప్రతిసారీ సుమారు 166 వస్తుంది. దూరం రెట్టింపు అయితే జరుగుదల సగమవుతుంది. ఇది విలోమానుపాతం. మీ గణితం పుస్తకంలో ఉన్నదే.

తప్పు ఎక్కడ జరుగుతుంది?

ఇప్పుడు మొదటి తప్పు మీకే తెలిసిపోతుంది. నటుడు ఊగుతూ ఉంటాడు, వెనక కొండ మాత్రం గోడకు కొట్టిన క్యాలెండరులా నిశ్చలంగా ఉంటుంది. చూసేవాడికి పారలాక్స్ పేరు తెలియకపోవచ్చు. అయినా "ఏదో తేడాగా ఉంది" అంటాడు. అతని కన్ను పుట్టినప్పటి నుంచి ఈ నియమం ప్రకారమే లోకాన్ని చూస్తూ వచ్చింది మరి.

రెండో తప్పు దీనికి వ్యతిరేకం. నటుడు ఎంత జరిగితే కొండనూ అంతే జరపడం. అప్పుడు కొండ నటుడి వీపుకు అతికించిన అట్టముక్కలా ఉంటుంది.

మూడో తప్పు మరింత గడుసుది. పచ్చగుడ్డ మీద టేపు ముక్కలతో కూడిక గుర్తులు అంటించడం మీరు చూసి ఉంటారు. కెమెరా ఎలా కదిలిందో తెలుసుకోవడానికి అవి ఉపయోగపడతాయి. అయితే గుర్తు ఎంత జరిగితే కొండను అంతే జరిపితే సరిపోతుందా? సరిపోదు. గుడ్డ ఉన్నది 4 మీటర్ల దూరంలో. మనం ఊహిస్తున్న కొండ 5 కిలోమీటర్ల దూరంలో. కెమెరా 10 సెంటీమీటర్లు పక్కకు జరిగితే గుర్తు 42 చుక్కలు జరిగింది. కొండను కూడా 42 చుక్కలు జరిపామా, అది కొండ కాదు, 4 మీటర్ల దూరంలో వేలాడదీసిన బొమ్మ తెర అయిపోతుంది. కాబట్టి గుర్తుల కదలికలో తిరగడం వల్ల వచ్చినదెంత, జరగడం వల్ల వచ్చినదెంత అని ముందు విడదీయాలి. తిరగడం వల్ల వచ్చిన భాగాన్ని కొండకు పూర్తిగా ఇవ్వాలి. జరగడం వల్ల వచ్చిన భాగాన్ని దూరాన్ని బట్టి తగ్గించి ఇవ్వాలి. గుర్తులు అన్నీ ఒకే దూరంలో కాక కొన్ని దగ్గర, కొన్ని దూరంగా ఉంటే ఈ విడదీత సులువవుతుంది. అందుకే తెలిసినవారు గుడ్డకు ముందు కూడా కొన్ని గుర్తులు నిలబెడతారు.

ఇంకా కొన్ని చిన్న విషయాలున్నాయి. సినిమాలో సెకనుకు 24 బొమ్మలు తీస్తారు. ఒక్కొక్క బొమ్మకు సాధారణంగా సెకనులో 48వ వంతు సేపు కాంతి పడనిస్తారు. ఆ కాస్త సేపట్లో కెమెరా కదిలితే నటుడి అంచులు కొద్దిగా అలుక్కుపోతాయి. వెనక దృశ్యమూ తన కదలికకు తగినట్టు అలుక్కుపోవాలి. నటుడు మసకగా, కొండ స్ఫుటంగా ఉంటే గుట్టు బయటపడుతుంది. ఫోను కెమెరాలలో మరొక చిక్కు ఉంది. అవి బొమ్మను వరుస తరువాత వరుసగా చదువుతాయి. ఫోనును గబుక్కున తిప్పితే పై వరుస చదివేనాటికీ కింది వరుస చదివేనాటికీ దృశ్యం జరిగిపోతుంది. నిలువు స్తంభం వాలినట్టు కనిపిస్తుంది. నటుడు వాలి, వెనక స్తంభాలు నిటారుగా ఉంటే అదీ పట్టిస్తుంది.

కెమెరా ఎక్కడ నిలబడింది?

ఈ చిక్కును మనుషులు ఎలా విప్పారో కూడా తెలుసుకోవాలి. 1977లో 'స్టార్ వార్స్' చిత్రానికి జాన్ డైక్‌స్ట్రా బృందం మోటార్లతో నడిచే కెమెరా యంత్రాన్ని తయారు చేసింది. అది ఒకసారి కదిలినట్టే మళ్ళీ మళ్ళీ కదలగలదు. వేరువేరుగా తీసిన బొమ్మలు అందువల్ల ఒకదానితో ఒకటి కలిశాయి. కాని అది యంత్రం చేసే కదలిక, చేతి వణుకు కాదు. 1988లో వచ్చిన 'హూ ఫ్రేమ్డ్ రోజర్ రాబిట్'లో కదిలే కెమెరాతో తీసిన దృశ్యాలలో కార్టూన్ కుందేలును కలిపారు. చిత్రకారులు ఒక్కొక్క బొమ్మనూ చూసుకుంటూ, కెమెరా కదలికకు తగినట్టు, చేత్తో గీశారు. ఆ ఓపికకు నమస్కారం పెట్టవలసిందే.

ఈ పనిలో చాలా భాగాన్ని ఈనాడు కంప్యూటరు చేస్తున్నది. అది బొమ్మలోని కొన్ని గుర్తులను పట్టుకుని, బొమ్మ తరువాత బొమ్మలో అవి ఎక్కడెక్కడికి పోయాయో వెతుకుతుంది. దాన్ని బట్టి "ఈ బొమ్మ తీసినప్పుడు కెమెరా ఎక్కడ నిలబడింది, ఎటు చూసింది?" అని లెక్కకడుతుంది. దీని వెనక ఉన్న గణితం సినిమావారి కోసం పుట్టలేదు. 1913లోనే ఆస్ట్రియా గణితజ్ఞుడు ఎర్విన్ క్రుప్పా రెండు బొమ్మలలోని ఐదు బిందువులతో ఈ లెక్క చేయవచ్చని చూపించాడు. 1981లో క్రిస్టఫర్ లాంగెట్ హిగిన్స్ ఎనిమిది బిందువులతో సులువైన పద్ధతిని 'నేచర్' పత్రికలో ప్రచురించాడు. ఒక చిత్రమైన సంగతి చెప్పనా? ఎంత గొప్ప కంప్యూటరైనా బొమ్మలను మాత్రమే చూసి అసలు దూరాలు చెప్పలేదు. ఇది దానికి రెట్టింపు దూరంలో ఉంది అని నిష్పత్తి మాత్రమే చెబుతుంది. ఎక్కడో ఒకచోట మనిషి టేపు పట్టి కొలిచిన ఒక్క పొడవైనా దానికి ఇవ్వాలి.

ఇదే నియమంతో 1838లో జర్మనీ ఖగోళ శాస్త్రజ్ఞుడు బెస్సెల్ హంస రాశిలోని 61 సిగ్ని అనే నక్షత్రం దూరాన్ని కొలిచాడు. అక్కడ కదిలే కెమెరా మన భూమే. భూమి సూర్యుని చుట్టూ తిరుగుతుంటే దగ్గరి నక్షత్రం దూరపు నక్షత్రాల ముందు కాస్త అటూ ఇటూ జరుగుతుంది. ఆ నక్షత్రం దాదాపు 11 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నదని ఈనాడు మనకు తెలుసు. 2013లో యూరప్ పంపిన గయా అంతరిక్ష నౌక 2025 ఆరంభం వరకు పరిశీలనలు జరిపింది. 140 కోట్లకు పైగా నక్షత్రాల పారలాక్స్‌లను అది అందించింది. బస్సు కిటికీలోని తాటిచెట్టు, సినిమాలోని పచ్చతెర, ఆకాశంలోని నక్షత్రం, మూడింటిదీ ఒకే పాఠం.

పరీక్షలో రాని ప్రశ్న

"మాస్టారూ, ఇదంతా సినిమావాళ్ళకు కావాలి గాని మాకెందుకు? పరీక్షలో రాదు గదా!" అని మీరనవచ్చు. నిజమే, రాదు. స్కేలు మీద కొలత చూసేటప్పుడు కన్ను సరిగ్గా ఎదురుగా ఉండాలి, లేకపోతే పారలాక్స్ దోషం వస్తుంది అని చిన్న తరగతుల్లో చెబుతాము. దానితో ఆ మాట చాలామందికి ఒక దోషం పేరుగానే మిగిలిపోతున్నది. పారలాక్స్ దోషం మాత్రమే కాదు, దూరాన్ని కొలిచే సాధనం కూడా. ఈ సంగతి మన బడుల్లో గట్టిగా చెప్పడం లేదనే నా బాధ.

అది తెలియకపోతే నష్టమేమిటి? పులి ఊళ్ళోకి వచ్చిందంటూ ఒక వీడియో వస్తుంది. చెరువు తెగిందంటూ మరొకటి వస్తుంది. జనం భయపడి పరుగులు తీస్తారు. లేదా నిజంగానే ప్రమాదం వచ్చినప్పుడు "గ్రాఫిక్స్‌లే" అని ఇంట్లో కూర్చుంటారు. రెండో దానిలో ప్రాణాలు పోయే ప్రమాదం మరీ ఎక్కువ. ఇంట్లో పెద్దలు మీ చేతికి ఫోను ఇచ్చి "ఇది నిజమేనా, చూడు" అని అడిగే రోజులివి. అప్పుడు మీరు చెప్పే మాటకు ఒక ఆధారం ఉండాలి. కెమెరా కదిలినప్పుడు పులి కాళ్ళ దగ్గరి మట్టీ, పులీ కలిసి జరుగుతున్నాయా? లేక పులి నేల మీద జారుతున్నట్టు ఉందా? వెనకనున్న ఇంటికీ, దూరాన ఉన్న చెట్టుకూ జరుగుదలలో తేడా ఉందా? ఈ ప్రశ్నలు వేయండి.

అయితే ఒక హెచ్చరిక. పారలాక్స్ సరిగా ఉన్నంత మాత్రాన వీడియో నిజమని తేల్చకూడదు. నేర్పరి అయినవాడు అబద్ధాన్నీ నియమం తప్పకుండా చేయగలడు. కృత్రిమ మేధతో తయారయ్యే వీడియోలు కూడా నానాటికీ మెరుగవుతున్నాయి. అలాగే నిజమైన వీడియోలోనూ చిన్న తేడాలు ఉండవచ్చు. చేతి వణుకును సరిచేయడానికి ఫోనే బొమ్మను సాగదీసి వంచుతుంది. కనుక తేడా కనిపిస్తే "అనుమానించాలి" అనండి. తేడా కనిపించకపోతే "ఈ ఒక్క పరీక్షలో తప్పు దొరకలేదు" అనండి. ఆ తరువాత అది ఎవరు తీశారు, ఎక్కడ తీశారు, ఎప్పుడు తీశారు అని విచారించండి. తెలిసినంతవరకే చెప్పడం, అంతకు మించి చెప్పకపోవడం శాస్త్ర పద్ధతి.

ఇక మీరు చేయవలసిన ప్రయోగం. మూడు నీళ్ళ సీసాలను కెమెరా నుంచి 1 మీటరు, 2 మీటర్లు, 4 మీటర్ల దూరంలో నిలబెట్టండి. ఒకదానికొకటి అడ్డు రాకూడదు. బల్ల మీద స్కేలు పెట్టి, దాని అంచుకు ఫోనును ఆనించి ఒక ఫొటో తీయండి. ఫోనును ఏమాత్రం తిప్పకుండా అదే అంచు వెంట 10 సెంటీమీటర్లు జరిపి మరో ఫొటో తీయండి. రెండు ఫొటోలలోనూ తెర ఎడమ అంచు నుంచి ప్రతి సీసా ఎంత దూరంలో ఉందో స్కేలుతో కొలవండి. రెండు కొలతల తేడాయే జరుగుదల. 1 మీటరు దూరంలోని సీసా ఒక సెంటీమీటరుకు పైగా జరగవచ్చు. మీ ఫోనును బట్టి ఆ సంఖ్య మారుతుంది. కాని 2 మీటర్ల సీసా అందులో సగం, 4 మీటర్ల సీసా అందులో పావు వంతు జరగాలి. అలా రాకపోతే ఫోను కాస్త తిరిగిందన్నమాట. ఆ తిరుగుడు మూడు సీసాలకూ సమానంగా కలిసి ఉంటుంది. దాన్ని ఎలా తీసివేయాలో ఆలోచించండి. కంప్యూటరు చేసే పని అదే.

తోటి ఉపాధ్యాయులకు కూడా ఒక మనవి. ఫోను పిల్లలను చెడగొడుతుందని మనం భయపడటంలో అర్థం లేకపోలేదు. కాని నెలకు ఒక్క పీరియడు, ఉపాధ్యాయుడి ఫోనే బల్ల మీద పెట్టి, దాన్ని కొలత సాధనంగా వాడి చూపిద్దాం. చూసి మురిసిపోయే వస్తువును కొలిచి చూసే వస్తువుగా మారిస్తే భయంలో కొంత పోతుంది.

చివరిగా, మీలో చిన్న సినిమాలు తీసే సరదా ఉన్నవారికి ఒక సలహా. లెక్క కుదిరే వరకు కెమెరాను కదలకుండా పెట్టి తీయండి. వెనక దృశ్యంగా ఆకాశం, దూరపు కొండలు ఎన్నుకోండి. చేతి వణుకు కావాలంటే రెండు దృశ్యాలనూ కలిపిన తరువాత మొత్తం బొమ్మను కొద్దిగా ఊపండి. కెమెరా ఉన్నచోటనే కాస్త తిరిగినట్టు అన్నీ సమానంగా జరుగుతాయి, నియమం తప్పదు. కెమెరాతో నడవాలని ఉంటే మాత్రం ముందు టేపు తీసుకుని దూరాలు కొలవండి. ఎంత చిన్న సినిమాకైనా ఆ కొలతలే ఆధారం.